పద్యములోని పద్మము

పద్యము చెవికై పుట్టినది. చదువు రాని ముసలమ్మలు సైతము భాగవతపద్యములను వినికిడిచేతనే నేర్చి, వంట చేయుచు, పువ్వులు కట్టుచు వల్లించుకొనిన ఇండ్లు మనలో చాలమందికి తెలిసినవే. రేడియో మన ఇంటికి వచ్చిన తరువాత ఆ చెవిబలము తగ్గలేదు. సమస్యాపూరణము వినుచు, పండితులకంటె ముందుగా తామే పాదములు పూరింపవలెనని తొందరపడిన శ్రోతలు ఎందరో కలరు. అయినను చెవికి సగమే అంది, తక్కిన సగము కంటికొరకు దాచుకొను పద్యజాతి యొకటి మన సారస్వతములో కలదు. అదియే బంధకవిత్వము.

ఈ విషయమును గూర్చి ప్రసంగింప పూనుకొన్నప్పుడు మాకు మొదట ఎదురైన చిక్కును మీరు ఊహింపగలరు. పద్మమును, చక్రమును ధ్వనితో చూపుట ఎట్లు? మాటతో కొంత చూపవచ్చును. మిగిలినది కాగితము మీద చూడవలసినదే. కావున ఈ ప్రసంగపాఠమును చదువువారు ఒక పెన్సిలును, ఒక తెల్లకాగితమును దగ్గర నుంచుకొన్నచో మా పని తేలిక యగును.

బంధమనగా కట్టు, ముడి. పద్యములోని అక్షరములను ఒక ఆకారమున నిలిపి, ఒక నిర్ణీతమైన దారిని వెంబడించి చదువునట్లు కూర్చుటయే బంధము. ఆ ఆకారమును బట్టి దానికి పేరు. తామరపువ్వైనచో పద్మబంధము, బండిచక్రమైనచో చక్రబంధము, పాములు పెనవేసికొన్నట్లున్నచో నాగబంధము, కత్తియైనచో ఖడ్గబంధము, గొడుగైనచో ఛత్రబంధము, మృదంగమువంటి వాద్యమైనచో మురజబంధము. రథబంధము, పుష్పమాలికాబంధము మొదలగునవి మరి యెన్నియో కలవు.

ఇచ్చట ఒక పొరపాటునకు చోటున్నది. పంక్తులను పొడుగుగను, పొట్టిగను అమర్చి బొమ్మ గీచుటయే బంధకవిత్వమని కొందరు తలంతురు. అట్టి పద్యములు లోకములో లేకపోలేదు. రోడ్సు ద్వీపమునకు చెందిన సిమ్మియాసు అను గ్రీకుకవి క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున గొడ్డలి, రెక్కలు, గ్రుడ్డు ఆకారములలో పద్యములు కూర్చెను. ఇంగ్లీషుకవి జార్జి హెర్బర్టు రచనలు 1633లో అచ్చయినప్పుడు వానిలో ఒక పద్యము పక్షిరెక్కలవలెను, ఒకటి బలిపీఠమువలెను కనబడినది. ఫ్రెంచికవి అపోలినేర్ 1918లో వెలువరించిన సంపుటిలో వానచినుకులవలె అక్షరములు పేజీమీద ఏటవాలుగా జారుచుండును. ఇవి అందమైనవే. కాని వీనిలో చాలవరకు బొమ్మ పద్యమునకు తొడిగిన చొక్కావంటిది. అక్షరములను మరల తిన్నని వరుసలో పేర్చినను మాట మాటగానే నిలుచును. చొక్కా మాత్రము పోవును. మన బంధములో బొమ్మ చొక్కా కాదు, ఎముక. ఒకే అక్షరము రెండు మూడు దారులు కలిసికొను కూడలియై, పద్యములోని వేరువేరు చోట్లకు తానే పని చేయును. ఒకసారి వ్రాసిన అక్షరమును పలుమారులు చదువుట, ఇదియే బంధములోని అసలు ముడి.

ఈ ముడి మన భాషలలో ఇంత చక్కగా పడుటకు కారణము మన అక్షరము. మనకు అక్షరమనగా విడి హల్లు కాదు, విడి అచ్చు కాదు. నోట ఒక్క పెట్టున పలుకబడు ముక్క. తెనాలి రామకృష్ణునికి లోకము పెట్టిన ‘వికటకవి’ అను పేరును చూడుడు. వి, క, ట, క, వి. ఎటునుండి చదివినను అదియే. అదే పేరును హల్లులుగను అచ్చులుగను విడగొట్టి వెనుకనుండి చదివినచో ఏమియు కాదు. అక్షరము గవ్వవంటిది, ఒక గడిలో ఒక గవ్వ. బంధకవి ఆటయంతయు ఈ గవ్వలతోనే. నేటి కంప్యూటరు సైతము ఈ సంగతిని తానై ఎరుగదు. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమును అది ఆరు గుర్తుల వరుసగా దాచుకొనును. ఆ గుర్తులను గుడ్డిగా వెనుకకు త్రిప్పినచో గుణింతమును, ఒత్తును చెదరిపోవును. ఇక్కడినుండి ఇక్కడివరకు ఒక అక్షరము అని దానికి మొదట నేర్పవలెను. మన బాలురకు ఓనమాలతోనే అబ్బు జ్ఞానమది.

బంధములలో తేలికైనది గోమూత్రిక. నడచుచున్న ఎద్దు మూత్రము విడిచినచో దారి దుమ్ములో వంకరటింకరగా ఒక గీత పడును. పల్లెటూరివారందరు చూచినదే. రెండు పంక్తులను ఒకదానిక్రింద నొకటి వ్రాసి, పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి ఆ గీతవలె చదివినను అదే పద్యము రావలెను. ఇది ఎట్లు సాధ్యమో తెలియుటకు మేము పిల్లలకొరకు కట్టిన రెండు చిన్న పంక్తులను క్రింద ఇచ్చుచున్నాము. ఇది కవిత్వము కాదు, మచ్చు మాత్రమే.

పూ ల నీ డ పా ల తే ట
నే ల మే డ ఈ ల పా ట

పై పంక్తిలోని మొదటి అక్షరము పూ. అచ్చటినుండి క్రింది పంక్తిలోని రెండవ అక్షరమునకు దిగుడు: ల. మరల పైకెక్కి మూడవ అక్షరము: నీ. మరల దిగి నాల్గవది: డ. ఇట్లే తుదివరకు పోయినచో ‘పూల నీడ పాల తేట’ అనియే వచ్చును. క్రిందినుండి మొదలిడి చదివినను ‘నేల మేడ ఈల పాట’ అని రెండవ పంక్తియే వచ్చును. రహస్యము మీకు తెలిసియే యుండును. రెండు పంక్తులలోను సరిస్థానములయందలి అక్షరములు ఒక్కటే: ల, డ, ల, ట. బేసిస్థానములు మాత్రము కవి స్వేచ్ఛకు మిగిలినవి.

ఈ బంధమును చెవితో కూడ పట్టవచ్చును. ఇంట ఇద్దరు పిల్లలున్నచో ఒకనిచేత బేసి అక్షరములను, రెండవవానిచేత సరి అక్షరములను వరుసగా పలికింపుడు. మొదటివాడు పంక్తి మారినప్పుడెల్ల కొత్త అక్షరములు వెదకికొనవలెను. రెండవవాడు మాత్రము రెండుమారులును ‘ల, డ, ల, ట’ అనుచు తాళము వేసినట్లు కూర్చుండును. బొమ్మ కనబడకపోయినను ముడి వినబడును. గోమూత్రికలో తెలుగునకు మరియొక లాభము కలదు. మన పద్యమునకు ప్రాస యున్నది గదా. పాదములోని రెండవ అక్షరమందలి హల్లు అన్ని పాదములలోను ఒక్కటే కావలెను. రెండవ స్థానము సరిస్థానమే. కావున రెండు పాదములను గోమూత్రికగా కట్టినచో ఆ రెంటికిని ప్రాస తనంతతానే కుదురును. పై పంక్తులలో పూల, నేల అనుటలో ల-కారప్రాస మేము వెదకి తెచ్చినది కాదు; బంధమే తెచ్చి ఇచ్చినది.

ఇట్టి ముళ్ళు మన పెద్దలకు చాలకాలమునుండి తెలియును. దండి తన కావ్యాదర్శము మూడవ పరిచ్ఛేదమున గోమూత్రికను, అర్ధభ్రమమును, సర్వతోభద్రమును వివరించెను. అంతకు ముందే భారవి, కిరాతార్జునీయము పదునైదవ సర్గలో వీనిని వాడియుండెను. 634 నాటి ఐహోళె శాసనము భారవి పేరును కాళిదాసు పేరుతో కలిపి చెప్పుచున్నది. అనగా నాటికే అతడు కీర్తికెక్కిన కవి. మాఘుడును శిశుపాలవధము పందొమ్మిదవ సర్గలో ఇదే పని చేసెను. ఈ రెండు సర్గలును యుద్ధవర్ణనములే యగుట గమనింపదగినది. సేనలు చక్రవ్యూహముగను, పద్మవ్యూహముగను నిలుచునట్లు అక్షరములు కూడ వ్యూహము పన్ని నిలుచునని వారి భావన కాబోలు.

సర్వతోభద్రమున ఎనిమిది అడ్డువరుసలు, ఎనిమిది నిలువువరుసలు, వెరసి 64 గడులు. అనుష్టుప్పులోని నాలుగు పాదములను పై నాలుగు వరుసలలో నింపి, అవియే నాలుగు పాదములను క్రిందినుండి పైకి వచ్చునట్లు మరల నింపుదురు. అప్పుడు ఎడమనుండి కుడికి, కుడినుండి ఎడమకు, పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి ఎట్లు చదివినను అదే శ్లోకము రావలెను. లెక్క వేసి చూతము. శ్లోకములో 32 అక్షరములు. ప్రతిపాదమును వెనుకనుండి చదివినను ఒక్కటే కావలెను గనుక సగము, అనగా 16 మాత్రమే మిగులును. అడ్డముగను, నిలువుగను ఒక్కటే కావలెను గనుక ఆ 16లో ఆరు అక్షరములు తక్కినవానికి ప్రతిబింబములు. కవి తన ఇష్టమున ఎన్నుకొనగలిగినవి పది అక్షరములే. పది గవ్వలతో 32 అక్షరముల అర్థమును పలికింపవలెను. అర్థము కొంత బిగుసుకొనిపోయిన కవిని నిందింపబోవు ముందు ఈ లెక్కను జ్ఞప్తియందుంచుకొనుట న్యాయము.

చక్రబంధము మరియొక వింత. దీనికి పాదమునకు 19 అక్షరములుగల శార్దూలవిక్రీడితము తగిన వృత్తము. మొదటి మూడు పాదములు చక్రమునకు అడ్డుగా సాగు మూడు వ్యాసములు. అవియే ఆరు ఆకులుగా కనబడును. ప్రతిపాదములోను నట్టనడుమనున్న పదవ అక్షరము నాభియందు కూర్చుండును. కావున మూడు పాదములకును పదవ అక్షరము ఒక్కటే కావలెను. నాలుగవ పాదము చుట్టుకమ్మి. అది ఆరు ఆకుల కొసలలోని అక్షరములను తాకుచు, కొసకు కొసకు నడుమ రెండేసి కొత్త అక్షరములను వేసికొనుచు చుట్టివచ్చి, మొదలైన అక్షరముననే ముగియును. ఆరు కొసలు, పన్నెండు నడిమి అక్షరములు, మొదటికి మరల వచ్చుట, మొత్తము 19. వృత్తలక్షణము చక్రము కొలతకు సరిగా సరిపోయినది. పద్యములో 76 అక్షరములున్నను చక్రములో గడులు 67 మాత్రమే.

ఇంతటితో ఆగినచో అది గారడి యనవచ్చును. మాఘుడు ఆగలేదు. నాభిచుట్టునున్న వలయములలో ప్రతిదానికి ఆరు అక్షరములు, ఆకునకొకటి చొప్పున. అట్టి వలయములలో రెంటిని ఎన్నుకొని, ఒకదానిలో ఇది మాఘకావ్యమనియు, మరొకదానిలో శిశుపాలవధమనియు అర్థమిచ్చునట్లు ఆరారు అక్షరములను దాచెను. ముద్రణాలయము లేని కాలమది. వ్రాయసకాడు పేరు మార్చవచ్చును, వేరొకడు గ్రంథము తనదే యనవచ్చును. గ్రంథము తుదిపుటను చించినచో కవి పేరు పోవును; చక్రములోని పేరును తీయవలెనన్నచో పద్యమునే పగులగొట్టవలెను. కవి తన పేరునకు వేసికొన్న తాళమది.

తరువాతివారు ఈ విద్యను ఇంకను ముందునకు కొనిపోయిరి. 1268లో జన్మించిన వేదాంతదేశికులు పాదుకాసహస్రమునందు ఒక శ్లోకములోని 32 అక్షరములను నాలుగు వరుసలలో ఎనిమిదేసి గడులుగా నిలిపి, చదరంగపు గుర్రము నడకతో అన్ని గడులను ఒక్కొక్కమారు తాకుచు పోయినచో మరియొక శ్లోకము వచ్చునట్లు కూర్చిరి. తెలుగులో నంది తిమ్మన పారిజాతాపహరణము పంచమాశ్వాసమున చిత్రకవిత్వము కనబడును. గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయవిలాసములో బంధములను, ఒక పద్యము కడుపులో మరొక పద్యమును దాచు గర్భకవిత్వమును రాశులు పోసెను.

తెలుగుకవికి సంస్కృతకవికంటె శ్రమ అధికము. సంస్కృతమున ప్రాస నియమము లేదు. మన యతివంటి అక్షరమైత్రియు లేదు. తెలుగు శార్దూలమున మొదటి అక్షరమునకును పదుమూడవ అక్షరమునకును యతి కుదురవలెను. చక్రములో మొదటిది ఒక ఆకు కొసనుండును, పదుమూడవది నాభిని దాటి ఎదుటి ఆకులో నుండును. ప్రాస నియమమువలన చుట్టుకమ్మికి వెంటనే లోపలనున్న వలయములో మూడుచోట్ల ఒకే హల్లు రాక తప్పదు. ఆ వలయములో తన పేరు దాచుకొనుట కవికి దాదాపు అసాధ్యము. గోమూత్రికలో వరముగా వచ్చిన ప్రాసయే చక్రములో సంకెల యైనది.

ఇంత శ్రమ ఎందులకు, ఇందులో రసమేది, అని ఇప్పుడు మీరు అడుగవచ్చును. ఈ ప్రశ్న కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున, చిత్రము నిజమైన కావ్యము కాదు, కావ్యమునకు అనుకరణమని తేల్చివేసెను. పదునొకండవ శతాబ్దిలో మమ్మటుడు దానిని కావ్యములలో అట్టడుగున కూర్చుండబెట్టెను. కాని చూడుడు: ఆ ఆనందవర్ధనుడే దేవీశతకమను స్తోత్రమును రచించి, దానిని యమకములతోను, బంధములతోను నింపెను. ఆ మమ్మటుడే కావ్యప్రకాశము నవమోల్లాసమున ఖడ్గ, మురజ, పద్మ, సర్వతోభద్రములకు ఉదాహరణములు చూపెను. వారు మాట తప్పినారని మేము అనుకొనము. రసము వేరు, నేర్పు వేరు. ఒకదానిని రెండవదిగా పొరబడవలదని మాత్రమే వారి హెచ్చరిక. దేవికి పూలమాల కట్టువాడు ఆ మాల ఆకలి తీర్చునని కట్టడు. వ్రేళ్ళకు తెలిసిన పనిని భక్తితో చేసి సమర్పించును. స్తోత్రములలో బంధములు విరివిగా కనబడుటకు కారణము ఇదియే యని మా నమ్మకము.

బంధమువలన మరియొక మేలు కలదు. అలంకారశాస్త్రములలో కాక, ఒక పాత వ్రాతపుస్తకములో మేము దానిని నేర్చుకొంటిమి.

కొంతకాలము క్రిందట ఒక గృహిణి తన తాతగారి వ్రాతపుస్తకము నొకదానిని మాకు చూప తెచ్చినది. గట్టి అట్ట, పసుపుబారిన కాగితములు, నల్లసిరాతో గుండ్రని తెలుగు వ్రాత. అందొక పుటలో ఒక సంస్కృతశ్లోకము, పైన ‘అష్టదళపద్మము’ అని పేరు. బొమ్మ లేదు. పురుగు తినుటచే మూడు అక్షరములు పోయినవి. “మా ఇంట దీనిని చదువగలవారు లేరండీ. ఇది తప్పులతడకయని ఎవరో అన్నారట, అప్పటినుండి అటకమీదనే ఉన్నది” అని ఆమె చెప్పినది. మరియు ఇట్లనినది: “తాతగారు దీనిని పైకి చదువునప్పుడు చూపుడువ్రేలితో గాలిలో ఏదో గీయుచుండెడివారు. పిల్లలము నవ్వెడివారము.”

పద్మబంధమునకు మమ్మటుడు చూపిన దారి యొకటి కలదు. మీరును పెన్సిలు తీసికొనుడు. నడుమ చిన్న సున్న చుట్టి, దానిచుట్టు ఎనిమిది రేకులు గీయుడు. తూర్పున ఉన్నది మొదటి రేకు. అచ్చటినుండి ప్రదక్షిణముగా లెక్కింపుడు. ప్రతిరేకులోను రెండు అక్షరములకు చోటు: లోపల నొకటి, కొసన నొకటి. శ్లోకములోని మొదటి అక్షరము నడిమి సున్నలో ఉండును. 2, 3 అక్షరములతో మొదటి రేకులోనికి పోయి, 4, 5 అక్షరములతో రెండవ రేకునుండి లోనికి వచ్చినచో, ఆరవ అక్షరము నడిమి అక్షరమే యగును. 7, 8తో మూడవ రేకులోనికి పోయి, అవే అక్షరములు 9, 10గా త్రిప్పి చదువుచు వెనుకకు వచ్చినచో, 11వది మరల నడిమి అక్షరము. 12, 13తో నాల్గవ రేకులోనికి పోయి, 14, 15తో అయిదవ రేకునుండి వచ్చినచో, 16 నడిమి అక్షరము. ఇచ్చటికి శ్లోకార్ధము ముగిసినది. రెండవ సగము 17వ అక్షరముగా నడిమి అక్షరముతోనే మొదలగును. అయిదవ రేకులోనికి 18, 19, ఆరవ రేకునుండి 20, 21, నడుమ 22. ఏడవ రేకులోనికి 23, 24; అందుండియే 25, 26; నడుమ 27. ఎనిమిదవ రేకులోనికి 28, 29. మొదటి రేకునుండి 30, 31. తుదకు నడుమ 32.

చూచితిరా? దిక్కులయందున్న నాలుగు రేకులు రెండేసిమారులు చదువబడినవి. మూలలయందున్న నాలుగు రేకులు ఒక్కొక్కమారే చదువబడినవి. నడిమి అక్షరము ఎనిమిదిమారులు వచ్చినది. 32 అక్షరముల శ్లోకమునకు పదునేడే గడులు.

ఇక ఆ వ్రాతపుస్తకమునకు వత్తము. పోయిన అక్షరములు మూడు: 11, 13, 25. మేము కాగితముమీద పద్మమును గీచి, మిగిలిన అక్షరములను ఒక్కొక్కటిగా గడులలో నింపితిమి. నడిమి అక్షరము తక్కిన ఏడుచోట్ల చెక్కుచెదరకుండ ఉన్నది. కావున 11వ అక్షరము ఏదియో సందేహము లేదు. 25వది ఏడవ రేకు కొసన ఉన్న అక్షరము, 24వదియు అదియే. అదియు దొరికినది. తప్పులతడక యనబడిన శ్లోకము తక్కిన రేకులన్నిటను తూచినట్లు సరిపోయినది. వింతగా తోచిన మాటలు ఆ అక్షరములు రెండువైపులనుండియు చదువబడవలసినందున వచ్చినవే గాని, వ్రాసినవాని తెలివితక్కువవలన వచ్చినవి కావు.

మేము శ్లోకమును చదువుచు, దారి తప్పకుండుటకై రేకులవెంట వ్రేలును జరుపుచుంటిమి. ఆమె ఆ వ్రేలివంకనే చూచుచు, “ఇదే! తాతగారి వ్రేలు ఇట్లే తిరిగెడిది. బయటికి పోవుట, లోనికి వచ్చుట” అని కన్నుల నీరు పెట్టుకొన్నది. ఆయన గాలిలో గీచినది పద్మము. ఆయనకు కాగితముమీద బొమ్మ అక్కరలేకపోయినది; అందుచేతనే వ్రాసియుంచలేదు కాబోలు.

మూడవ అక్షరము మాత్రము దొరకలేదు. 13వది నైరృతి మూలనున్న నాల్గవ రేకు కొస. ఆ రేకు ఒక్కమారే చదువబడును గనుక దానికి సాక్ష్యము చెప్పగల రెండవ అక్షరము శ్లోకములో లేదు. ఛందస్సునకు సరిపడు అక్షరమును ఊహించి పెట్టుట మాకు కష్టము కాదు. అట్టివి అనేకములు కలవు. కాని మేము పెట్టలేదు. పద్మము ఇచ్చినదానిని తీసికొంటిమి, ఈయనిదానిని ఖాళీగా ఉంచితిమి. ఆమె చిన్ననాడు విన్న స్వరమును జ్ఞప్తికి తెచ్చుకొన చాలసేపు ప్రయత్నించినది. పన్నెండవ అక్షరమువరకు వచ్చి, అచ్చట ఆగిపోయినది.

బంధములోని కూడలి అక్షరము కేవలము అలంకారము కాదని మాకు నాడు తెలిసినది. అది సాక్షి. ఒకచోట పోయినదానిని వేరొకచోట నిలుపును. వ్రాయసకాని పొరపాటును కూడ పట్టి ఇచ్చును. బ-వ, డ-ల, ర-ల జంటలను ఒకటిగా ఎంచుట, సున్నను, విసర్గమును లెక్కింపకుండుట వంటి సడలింపులు బంధకవులకు కలవు. ఆ సడలింపులకును లొంగక రెండు గడులు పోట్లాడినచో, ఎక్కడనో చేయి తప్పినదని తెలియును. కాని ఈ సాక్షి మాటలాడవలెనన్నచో అది బంధమని, ఏ బంధమో, దారి యేదో తెలిసినవాడొకడు ఉండవలెను. సీసపు అచ్చుల కాలమున తిన్నని వరుస పేర్చుట సులభము. పద్మము కావలెనన్నచో ప్రత్యేకముగా దిమ్మ చేయింపవలెను. అందువలన బొమ్మను విడిచి, పద్యమును మాత్రము అచ్చొత్తించుట జరిగెడిది. బొమ్మ పోయి, పేరును పోయినచో మిగిలినది ఎవరికిని రుచింపని ఒక గడ్డుపద్యము. దానిని తరువాతివాడు సంస్కరింపబూని ఒక్క అక్షరమును మార్చినచో ముడి ఊడినట్లే. ఎవరును దొంగిలింపలేదు, ఎవరును చింపలేదు. ఐనను పద్మము పోయినది.

నేడు కంప్యూటరుమీద అక్షరములను ఏ వంపునైనను పేర్చవచ్చును. కావున బొమ్మ గీయుట కష్టము కాదు. బొమ్మ ఉన్నదని తెలియుటయే కష్టము. మీ ఇంట పెద్దల వ్రాతపుస్తకములున్నచో ఒకమారు తెరచి చూడుడు. పాములు, పువ్వులు, చక్రములు గీచి వానిపై అక్షరములు వ్రాసిన పుటలు పిల్లల గీతలని పారవేయకుడు. బొమ్మ లేక ‘నాగబంధము’, ‘పద్మబంధము’ అని పేరు మాత్రమే ఉన్నచో ఆ పద్యమును ఉన్నదున్నట్లు, తప్పుగా తోచిన అక్షరమును సహితము దిద్దకుండ, ఎత్తివ్రాసి ఉంచుడు. ఇంట పెద్దలుండి, వారికి నోటికి వచ్చినచో చదివించి వినుడు. వినునప్పుడు వారి చేతివైపును చూచుచుండుడు.

ఆ నైరృతి రేకు ఇంకను ఖాళీగానే ఉన్నది. అదే శ్లోకమును తాతగారి సహాధ్యాయి యెవరైనను వ్రాసికొనియుండవచ్చును. ఆ ప్రతి ఏ ఇంటి అటకమీదనైనను ఉండవచ్చును.